మెదడు కణంలో జన్యువులు ఎప్పుడు మేలుకుంటాయి?

పిండంలో మెదడు ఎలా పెరుగుతుందో పోయిన సంచికలో రాస్తూ ఒక మాట అన్నాను. మనలో ఏయే జన్యువులు ఉన్నాయన్నదాని కంటే, వాటిని ఏ ప్రోటీన్లు ఎప్పుడు, ఎంతసేపు పనిచేయిస్తున్నాయన్నదే నాకు ముఖ్యం అని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆ మాట పట్టుకుని అడిగినవే. అందుకే మిగతా విషయాలు వచ్చే నెలకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఒంట్లోని కణాలన్నిటిలో ఒకే డీఎన్ఏ ఉంటుందని మా పుస్తకంలో ఉంది. మరి ఒక కణం మెదడులోకి, ఇంకొకటి చర్మంలోకి ఎలా వెళ్తాయి? ప్రోటీన్లే జన్యువులను పనిచేయిస్తాయి అంటున్నారు. ఆ ప్రోటీన్లు వచ్చేదీ జన్యువుల నుంచే కదా, మరి మొదట మొదలుపెట్టేది ఎవరు?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: నీ చివరి ప్రశ్న నాకు చాలా నచ్చిందమ్మా. ముందు దానికే జవాబు చెబుతాను. ఏ కణమూ ఖాళీ చేతులతో మొదలవదు. ఫలదీకరణకు ముందే అండంలో తల్లి నుంచి వచ్చిన ప్రోటీన్లు, ఆర్ఎన్ఏలు నిండుగా ఉంటాయి. పిండం తన సొంత జన్యువులను చదవడం మొదలుపెట్టేది వాటి సాయంతోనే. అలా చదివిన మొదటి జన్యువుల నుంచి కొత్త ప్రోటీన్లు వస్తాయి, అవి తర్వాతి జన్యువులను మేల్కొలుపుతాయి. ఆ గొలుసు నీదాకా వచ్చింది, ఎక్కడా తెగలేదు.

ఇక మెదడు విషయం. పిండం పైపొరలోని కణాలకు చర్మంగా మారమని చెప్పే బీఎంపీ అనే సంకేత ప్రోటీన్లు ఉంటాయి. 1924లో హాన్స్ స్పేమన్, హిల్డే మాంగోల్డ్ సాలమాండర్ జాతి పిండంలోంచి ఒక చిన్న ముక్క తీసి ఇంకో పిండానికి అతికించారు. అతికించినచోట రెండో వెన్ను, రెండో నాడీ వ్యవస్థ పెరిగాయి. ఆ ముక్కలో ఏముందో తేలడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. అందులోంచి నాగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లు వెలువడి బీఎంపీని పట్టుకుని ఆపేస్తున్నాయి. చర్మంగా మారమన్న ఆజ్ఞ అందని కణాలు నాడీకణాల దారి పట్టాయి. అంటే మెదడు మొదలయ్యేదే ఒక ఆజ్ఞను ఆపడంతో. ఈ సంగతి గుర్తుంచుకో, కింద మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

కణం బయట వినిపించిన సంకేతం కేంద్రకం దాకా చేరితేనే జన్యువు కదులుతుంది. అక్కడ డీఎన్ఏ మీద నేరుగా కూర్చునే ప్రోటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటాం. మనిషికి ఇవి సుమారు 1,600 ఉన్నాయి. ఒక్కొక్కటి డీఎన్ఏలో ఒక చిన్న అక్షరాల వరుసను గుర్తుపడుతుంది. ఉదాహరణకు మెదడులో నాడీకణాలను పుట్టించే ఏఎస్‌సీఎల్1, న్యూరోజెనిన్2 అనేవి వెతికేది ఆరక్షరాల వరుస. ఆ ఆరింటిలో మధ్య రెండూ ఏవైనా పరవాలేదు. 300 కోట్ల అక్షరాల డీఎన్ఏలో అలాంటి వరుస లక్షల చోట్ల కనిపిస్తుంది. మరి సరైన చోటే ఎలా కూర్చుంటుంది?

డీఎన్ఏ కేంద్రకంలో విప్పి ఉండదు. సుమారు రెండు మీటర్ల పొడవున్న పోగు హిస్టోన్ ప్రోటీన్ల ముద్దల చుట్టూ, ముద్దకు 147 అక్షర జతల చొప్పున చుట్టుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టుకున్న చోట చాలా ఫ్యాక్టర్లు కూర్చోలేవు. ఏఎస్‌సీఎల్1 లాంటి కొన్ని మాత్రం మూసి ఉన్న చోట కూడా పట్టు దొరకబుచ్చుకుని, మిగతావాటికి దారి తెరుస్తాయి. ఆ తర్వాత అక్కడికి మరికొన్ని ప్రోటీన్లు వచ్చి హిస్టోన్లకు రసాయన గుర్తులు తగిలిస్తాయి, చుట్టు వదులవుతుంది, చివరికి ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము జన్యువును చదువుతుంది. ఫ్యాక్టరు కూర్చున్న చోటుకూ జన్యువుకూ మధ్య లక్షల అక్షరాల దూరం ఉండొచ్చు. అప్పుడు డీఎన్ఏ ఉంగరంలా వంగి ఆ రెంటినీ దగ్గరకు తెస్తుంది.

ఈ ప్రోటీన్ల బలం ఎంతటిదో 2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారియస్ వెర్నిగ్ బృందం చూపించింది. ఎలుక చర్మం కింది కణాల్లో ఏఎస్‌సీఎల్1, బీఆర్ఎన్2, ఎంవైటీ1ఎల్ అనే మూడు ఫ్యాక్టర్లు పెడితే అవి నాడీకణాలుగా మారి, విద్యుత్ సంకేతాలు పంపాయి. డీఎన్ఏలో ఒక్క అక్షరం మార్చలేదు. మూడోదాని పని తర్వాత తెలిసింది. అది నాడీకణం కానివాటికి కావలసిన జన్యువులను, అంటే కండరానికీ చర్మానికీ వాటికీ వీటికీ సంబంధించినవాటిని, నోరెత్తకుండా చేస్తుంది. పొలంలో మన మడికి నీళ్లు పారాలంటే మన మడవ తీస్తే చాలదు, పక్క మడవలు కట్టేయాలి కదా, అలాగన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడు చెబుతాను. పెరిగే మెదడులో మూలకణాలు పక్కపక్కనే ఉంటాయి. అన్నీ ఒకేసారి నాడీకణాలైపోతే విభజన ఆగిపోతుంది, మెదడు చిన్నగా ఉండిపోతుంది. అందుకే ప్రతి కణం పక్క కణాన్ని నాచ్ అనే ప్రోటీన్ ద్వారా ఆపుతూ ఉంటుంది. నాచ్ సంకేతం అందితే హెస్1 అనే ప్రోటీన్ తయారవుతుంది. హెస్1 పని ఏఎస్‌సీఎల్1ను అణచడం. దానితోపాటు అది తన సొంత జన్యువును కూడా అణచివేస్తుంది. హెస్1 ఆయుష్షు నిమిషాల్లోనే ఉంటుంది. అది తగ్గిపోగానే జన్యువు మళ్లీ మేలుకుంటుంది, మళ్లీ హెస్1 వస్తుంది, మళ్లీ తనను తాను ఆపుకుంటుంది. ఎలుక మూలకణాల్లో ఈ పోటు, ఆటు రెండు మూడు గంటలకొకసారి జరుగుతాయి. హెస్1 తగ్గినప్పుడు ఏఎస్‌సీఎల్1 పెరుగుతుంది, హెస్1 పెరిగినప్పుడు ఏఎస్‌సీఎల్1 తగ్గుతుంది.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ర్యోయిచిరో కాగేయామా బృందం దీన్ని ఏళ్ల తరబడి తవ్వింది. 2013లో వాళ్లు నీలి కాంతి తగిలితే ఏఎస్‌సీఎల్1 తయారయ్యేలా మూలకణాలను మార్చారు. కాంతిని మూడు గంటలకొకసారి ఇచ్చి ఆపుతూ ఉంటే కణాలు విభజన చెందుతూ మూలకణాలుగానే ఉండిపోయాయి. ఆపకుండా ఇస్తే నాడీకణాలయ్యాయి. ప్రోటీన్ ఒకటే, జన్యువు ఒకటే, కణమూ ఒకటే. తేడా అంతా ఎంతసేపు ఉందన్న దాంట్లోనే. మా ల్యాబ్‌లో కూడా హెస్1కు మెరిసే గుర్తు తగిలించిన కణాలను చీకటి గదిలో రాత్రంతా వీడియో తీసేవాళ్లం. పొద్దున వేగంగా తిప్పి చూస్తే ఒక్కో కణం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, పక్క కణం ఇంకో లయలో ఉంటుంది. ఫలానా జన్యువు ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అని ఎవరైనా అడిగితే నాకు ఆ వీడియోలే కళ్లముందుకొస్తాయి. ఆ రెండు మాటల్లో ఆ కదలిక పట్టదు. పరీక్షలో ఆన్, ఆఫ్ అనే రాయి, మార్కులు వస్తాయి. మనసులో మాత్రం ఈ లయను ఉంచుకో.

ప్రశ్న: నాడీకణాల జన్యువులు కాలేయంలో, చర్మంలో ఎందుకు పనిచేయవు? అవసరం లేదు కాబట్టి ఊరికే పడి ఉంటాయా, లేక ఎవరైనా ఆపుతారా?
— రిటైర్డ్ సైన్స్ టీచరు

జవాబు: ఆపుతారు మాస్టారూ, గట్టిగా ఆపుతారు. ఆ పని చేసే ప్రోటీన్ పేరు రెస్ట్. 1995లో రెండు అమెరికా ల్యాబ్‌లు వేర్వేరుగా పనిచేస్తూ దాన్ని పట్టుకున్నాయి. ఇది 21 అక్షరాల ఒక పొడవైన వరుసను గుర్తుపడుతుంది. నాడీకణానికి మాత్రమే కావలసిన వందల జన్యువుల పక్కన ఆ వరుస ఉంది. రెస్ట్ అక్కడ కూర్చుని, హిస్టోన్ల మీది అసిటైల్ గుర్తులను తీసేసే ఎంజైములను పిలుస్తుంది. ఆ గుర్తులు పోతే చుట్టు బిగుసుకుంటుంది, జన్యువు మూగబోతుంది. రెస్ట్ అసలు లేని ఎలుక పిండాలు గర్భకాలం సుమారు సగం గడిచేసరికే చనిపోతాయి. మెదడు బయట కూడా దాని అవసరం అంత ఉంది.

మెదడు మూలకణంలోనూ రెస్ట్ ఉంటుంది. ఆ కణం నాడీకణంగా మారే సమయం వచ్చినప్పుడు రెస్ట్‌కు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, కణం దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. తర్వాత రెస్ట్ జన్యువు కూడా అణగిపోతుంది. అప్పటిదాకా మూగగా ఉన్న జన్యువుల గుంపు వరుసగా తెరుచుకుంటుంది. వాటిలో విద్యుత్ సంకేతాలను నడిపించే సోడియం చానెళ్లవి, నాడీకణాల మధ్య రసాయనాలు విడుదల చేసేవి ఉంటాయి. మెదడు కణం పుట్టడంలో కొత్తది కట్టడం ఎంత ఉందో, పాత పట్టు విడిపించడం అంతే ఉంది.

ప్రశ్న: మా పాపకు రెట్ సిండ్రోమ్ అని తేలింది. ఏడాది వయసు దాకా బాగానే ఉంది, మాటలు కూడా వచ్చాయి. తర్వాత చేతులతో పట్టుకోవడం మానేసింది, మాటలు పోయాయి. ఎంఈసీపీ2 జన్యువులో లోపం, అది ఇతర జన్యువులను నియంత్రించే ప్రోటీన్ అని డాక్టరుగారు చెప్పారు. అన్నీ బాగున్న పిల్ల ఎందుకిలా అయింది? నా వల్ల ఏదైనా జరిగిందా? దీనికి మందు వస్తుందా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ వల్ల కాదు. గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నది, చేసిన పని, పడిన టెన్షన్, ఇవేవీ దీనికి కారణం కావు. దాదాపు అందరు పిల్లల్లోనూ ఈ మార్పు కొత్తగా పుట్టినదే, తల్లిదండ్రుల ఒంట్లో ఉండదు. ఎక్కువసార్లు అది తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడు జరిగిన అక్షర దోషం. అందులో తండ్రి తప్పు కూడా ఏమీ లేదు. డీఎన్ఏ నకలు తీసే ప్రతిచోటా అలాంటి దోషాలు జరుగుతూనే ఉంటాయి. దయచేసి ఇద్దరూ ఈ మాట కలిసి చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకూ చదివి వినిపించండి.

ఏడాది దాకా ఎందుకు బాగుంది అన్నారు. ఎంఈసీపీ2 ప్రోటీన్ డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులున్న చోట కూర్చుంటుంది. అక్కడికి అణచివేసే ప్రోటీన్ల గుంపును తీసుకొస్తుంది. ఇది వేల జన్యువుల గొంతును కాస్త కాస్త తగ్గించి ఉంచే పని, ఏ ఒక్కదాన్నో పూర్తిగా ఆపే పని కాదు. నాడీకణాల్లో డీఎన్ఏకు ఈ మిథైల్ గుర్తులు పుట్టిన తర్వాతే, మొదటి ఏళ్లలో, బాగా పెరుగుతాయి. కణాల మధ్య కనెక్షన్లు బలపడే కాలం కూడా అదే. ఎంఈసీపీ2 ప్రోటీన్ కూడా అప్పుడే ఎక్కువగా కావాలి. అందుకే ఆ లోపం గర్భంలో కనిపించలేదు, పుట్టగానే కనిపించలేదు. 6 నుంచి 18 నెలల మధ్య బయటపడుతుంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. పాపకు రెండు ఎక్స్‌లు ఉంటాయి, ప్రతి కణమూ ఒకదాన్ని మూసేసి రెండోదాన్ని వాడుకుంటుంది. కాబట్టి మీ పాప మెదడులో కొన్ని కణాల్లో మంచి ప్రోటీన్ ఉంది, కొన్నింటిలో లేదు. ఒకే లోపం ఉన్న ఇద్దరు పిల్లలు వేర్వేరుగా ఉండటానికి ఇదొక కారణం. వేరే పిల్లతో మీ పాపను పోల్చి కుంగిపోకండి.

మందు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఈ జబ్బును వియన్నాలో ఆండ్రియాస్ రెట్ 1966లో వర్ణించారు. కారణమైన జన్యువును 1999లో అమెరికాలో హుదా జోగ్బీ బృందం కనుక్కుంది. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం ఒక ప్రయోగం చేసింది. జబ్బు ముదిరిన పెద్ద ఎలుకల్లో ఆగిపోయి ఉన్న ఈ జన్యువును మళ్లీ పనిచేయించారు. నడవలేనివి నడిచాయి, ఊపిరి సరిపడింది. దాని అర్థం, ఈ జబ్బులో నాడీకణాలు చచ్చిపోవడం లేదు. అవి ఉన్నాయి, సరిగా పనిచేయలేకపోతున్నాయి. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరుగుతుందని నేను మీకు మాట ఇవ్వలేను. అయినా ఆ వ్యాసం చదివిన రోజు నా విద్యార్థుల ముందే కళ్లు తుడుచుకున్నాను.

కష్టం ఎక్కడంటే, ఈ ప్రోటీన్ తక్కువైనా జబ్బే, ఎక్కువైనా జబ్బే. ఎంఈసీపీ2 జన్యువు రెండు నకళ్లుగా పుట్టిన మగపిల్లలకు ఇంకో తీవ్రమైన జబ్బు వస్తుంది. కాబట్టి మంచి జన్యువును మెదడులోకి పంపేటప్పుడు కణానికి ఎంత చేరుతుందన్నది అదుపులో ఉండాలి. అలాంటి చికిత్సలను 2023 నుంచి మనుషుల్లో పరీక్షిస్తున్నారు. అదే ఏడాది అమెరికాలో ట్రోఫినెటైడ్ అనే మందును రెండేళ్లు దాటినవారికి అనుమతించారు. అది లక్షణాలను కొంత తగ్గించే మందు, జన్యువును సరిచేయదు. ఎవరైనా స్టెమ్ సెల్స్ ఎక్కించి నయం చేస్తామని డబ్బు అడిగితే, పాప డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. ఫిజియోథెరపీ, మూర్ఛ వస్తే దానికి మందు, వెన్ను వంకరపోకుండా చూసుకోవడం, కంటిచూపుతో మాట్లాడించే బోర్డులు, ఇవి ఇప్పుడే అందుబాటులో ఉన్నవి. ఈ పిల్లలు చేతులతో చెప్పలేనివి కళ్లతో చెబుతారు. ఇంకో బిడ్డను కనాలనుకుంటే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువే, కానీ సున్నా అనడానికి లేదు.

ప్రశ్న: నా భార్య గర్భవతి. బిడ్డ మెదడులోని జన్యువులను చురుకు చేసేవి ప్రోటీన్లేనని చదివాం. ప్రోటీన్ పౌడర్ ఎక్కువగా తీసుకుంటే మంచిదా?
— ఒక పాఠకుడు

జవాబు: తినే ప్రోటీన్ కడుపులోనూ పేగుల్లోనూ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. జన్యువులను నడిపే ప్రోటీన్లను బిడ్డ కణాలు తమలో తామే, తమకు కావలసినప్పుడు తయారుచేసుకుంటాయి. డబ్బాలోని ప్రోటీన్ ఏదీ బిడ్డ మెదడు కేంద్రకంలోకి నడిచి వెళ్లదు. డాక్టరు చెప్పిన మేరకు తీసుకోండి, జన్యువుల కోసమని ఎక్కువ తీసుకోనక్కర్లేదు.

అయితే బయటినుంచి వెళ్లి నేరుగా బిడ్డ జన్యువుల దగ్గర పనిచేసేవి కొన్ని ఉన్నాయి. మీరు పట్టించుకోవలసినవి అవి. మొదటిది థైరాయిడ్ హార్మోన్. మెదడు కణం కేంద్రకంలో దాని గ్రాహక ప్రోటీన్ ముందే డీఎన్ఏ మీద కూర్చుని ఉంటుంది. హార్మోన్ రానంతసేపూ అది జన్యువును అణచి ఉంచుతుంది, హార్మోన్ వచ్చి తగులుకోగానే అదే ప్రోటీన్ జన్యువును చదివిస్తుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డకు ఈ హార్మోన్ తల్లి నుంచే రావాలి. అందుకే తల్లికి థైరాయిడ్ పరీక్ష, తగినంత అయోడిన్ (ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు) అవసరం. పుట్టాక బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేయించండి. రెండు నుంచి నాలుగు వేల మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే ఈ హార్మోన్ లోపం ఉంటుంది. మొదటి రెండు వారాల్లో మాత్రలు మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు దాదాపు మామూలుగానే ఉంటాయి. నెలల తరబడి ఆలస్యమైతే పోయినది తిరిగిరాదు. ఇంత చిన్న పరీక్ష జరగక ఒక పిల్ల జీవితం మారిపోవడం నాకు అస్సలు మింగుడుపడదు. ఆసుపత్రిలో వాళ్లు చేయకపోతే మీరే అడిగి చేయించండి.

ఇక కొన్ని మందులు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ విటమిన్-ఏ జాతిది. దాని గ్రాహకాలు కూడా డీఎన్ఏ మీద కూర్చునేవే. గర్భంలో అది మెదడు వెనుక భాగాన్ని, ముఖాన్ని, గుండెను పాడుచేస్తుంది, గర్భిణులు అసలు వాడకూడదు. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, పైన చెప్పిన అసిటైల్ గుర్తులను తీసే ఎంజైములను ఆపుతుంది. దాంతో మూతపడి ఉండాల్సిన జన్యువులు తెరుచుకుంటాయి. గర్భిణి వాడితే వెన్నుపాము లోపాలు, ఆటిజం వచ్చే అవకాశం పెరుగుతుంది. వాడుతున్నవాళ్లు మాత్రం తమంతట తాము ఆపేయకూడదు. మూర్ఛ కూడా ప్రాణం తీయగలదు. గర్భం దాల్చకముందే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి. ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు కూడా ముందునుంచే మొదలుపెట్టాలి. మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు.

ప్రశ్న: నేను కొత్త పద్యం నేర్చుకుంటున్నప్పుడు నా మెదడులో జన్యువులు మారతాయా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: అక్షరాలు మారవు బాబూ, ఏ జన్యువును చదువుతున్నారన్నది మారుతుంది. నాడీకణం గట్టిగా స్పందించినప్పుడు దానిలోకి కాల్షియం వెళ్తుంది. ఆ కబురు కేంద్రకంలోని క్రెబ్ అనే ప్రోటీన్‌కు చేరి, దానికి ఒక ఫాస్ఫేట్ తగులుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఫాస్ అనే జన్యువు నుంచి ఆర్ఎన్ఏ రావడం మొదలవుతుంది. దాన్నుంచి వచ్చే ఫాస్ ప్రోటీన్ కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే. అది ఇంకొన్ని జన్యువులను మేల్కొలిపి, కొన్ని గంటల్లో మాయమవుతుంది. మేం ల్యాబ్‌లో ఎలుక కొత్త చోటు చూసిన గంటన్నర తర్వాత దాని మెదడు పొరలకు ఫాస్ రంగు వేస్తాం. ఆ పనిలో పాల్గొన్న కణాలు మాత్రమే చుక్కలుగా తేలతాయి, పక్కవి తెల్లగా ఉండిపోతాయి.